రామప్ప రాయీ, కోనసీమ అమ్మమ్మలూ

(నటరాజ రామకృష్ణ స్మృతిలో చేసిన ఉపన్యాసం)



నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణగారి మీద మనకు రెండు రకాల ప్రసంగాలు అలవాటైపోయాయి. ఒకటి సన్మానపత్రం. అందులో పద్మశ్రీ ఉంటుంది, రాష్ట్ర సంగీత నాటక అకాడమీ అధ్యక్ష పదవి ఉంటుంది, రాసిన నలభై పైచిలుకు పుస్తకాల లెక్క ఉంటుంది. రెండోది స్థలపురాణం. ఏడెనిమిది వందల ఏళ్ళుగా రామప్ప గుడి రాళ్ళలో నిద్రపోతున్న పేరిణి నృత్యాన్ని ఈయన వెళ్ళి తట్టి లేపారని. సన్మానపత్రంతో నాకు పేచీ లేదు. స్థలపురాణంతోనే ఉంది. పొగుడుతున్నామనుకుంటూ ఆయన పడ్డ కష్టాన్నంతా దాంట్లో మింగేస్తున్నాం. పైగా ఆయనకు నిజంగా చేతిలో పెట్టి ఇచ్చినవాళ్ళను మరిచిపోతున్నాం. ఈ పూట నేను చెప్పదలుచుకున్నది వాళ్ళ సంగతే. కానీ రామప్ప మీదుగా కాకుండా అక్కడికి పోలేం.

తెలుగునాట నాట్యం మొన్నమొన్నటి దాకా ఇంటిపేరు వ్యవహారం. కూచిపూడిలో వేదాంతం, వెంపటి, చింతా, పసుమర్తి, భాగవతుల. ఆ ఇళ్ళలో పుట్టిన మగపిల్లవాడు జన్మలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టి తీరాలన్నది సిద్ధేంద్రయోగి పెట్టిన కట్టుబాటని చెప్పుకుంటారు. ఇంకోవైపు గోదావరి, కృష్ణా తీరాల్లో, గుళ్ళలోనూ కొలువుల్లోనూ ఆడే కలావంతుల ఇళ్ళు. అక్కడ విద్య తల్లి నుంచి కూతురికి, పెద్దమ్మ నుంచి చెల్లెలి బిడ్డకి వెళ్ళేది. ఈ రెండు గడపల్లో ఏదీ రామకృష్ణగారిది కాదు. ఆయన 1923 మార్చి 21న సముద్రం అవతల, బాలీ ద్వీపంలో పుట్టారు. తల్లి పేరు దమయంతీదేవి. ఆయన చిన్నతనంలోనే ఆవిడ పోయారు. పేరు ముందు ‘నటరాజ’ కూడా ఇంటిపేరు కాదు, బిరుదుగా వచ్చి అక్కడే ఉండిపోయింది.

బాలీ గాలి సోకింది కనకే నాట్యం ఒంటబట్టిందని రాసేవాళ్ళున్నారు. రాసుకోవడానికి బాగానే ఉంటుంది. నాకు అందులో తోచేది వేరే సంగతి. ఆ ద్వీపంలో ఇప్పటికీ నాట్యం గుడి పనుల్లో ఒక పని. ఊరివాళ్ళే ఆడతారు, ఊరివాళ్ళే వాయిస్తారు. అలాంటి చోట పుట్టిన మనిషి, గుళ్ళోంచి నాట్యాన్ని చట్టం పెట్టి బయటికి పంపుతున్న దేశంలో పెద్దవాడయ్యాడు. నాట్యంలో తాతలు లేనివాడు, ఉన్నవాళ్ళ తాతలను గెంటేస్తున్న కాలంలో తనకు తాతలను వెతుక్కుంటూ బయల్దేరాడు. పెళ్ళి చేసుకోలేదు. నాట్యాన్ని ఉపాసన అన్నాడు. ఆ మాట చాలామంది అంటారు. ఈయన విషయంలో ఉపాసన అంటే చాలా భాగం తిరుగుడు. ఊళ్ళూ, గుళ్ళూ, శాసనాలూ, తాళపత్రాలూ, ముసలివాళ్ళ గుమ్మాలూ.

పాలంపేటలోని రామప్ప గుడిని మీలో చాలామంది చూసే ఉంటారు. కాకతి గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి. పక్కనే చెరువు, చుట్టూ ములుగు అడవి. గుడి గోడలది ఎర్రని ఇసుకరాయి, అది వానకూ గాలికీ పొరలు పొరలుగా రాలింది. లోపలి స్తంభాలూ దూలాలూ, బయట చూరు కింద ఏటవాలుగా నిలబడ్డ మదనికలూ నల్లరాయి. ఆ రాయి మీద నునుపు ఇంకా పోలేదు. మదనికల మెడలో హారానికీ ఒంటికీ మధ్య సన్నని సందు ఇప్పటికీ కనిపిస్తుంది. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక జనం పెరిగారు, గైడ్లూ పెరిగారు. ఎత్తు మడమల చెప్పులు తొడుక్కున్న మదనిక దగ్గర పది నిమిషాలు, తడితే సరిగమలు పలికే పొన్నచెట్టు శిల్పం దగ్గర పది నిమిషాలు. నాట్యం చేసే బొమ్మల దగ్గర అర నిమిషం. వాళ్ళను అనడానికేం లేదు, అడిగేవాళ్ళు లేకపోతే ఎందుకు చెబుతారు?

రంగమంటపం నడుమ నాలుగు నల్ల స్తంభాలు, వాటి మధ్య గుండ్రని రాతి అరుగు. పిల్లలతో వెళ్ళినప్పుడల్లా ఆ అరుగు పక్కన చతికిలబడి స్తంభాల మీది చిన్న బొమ్మలను చూడమంటాను. నిలబడి చూస్తే నల్లరాయి మీద నల్లటి బొమ్మ, ఏమీ తెలియదు. కూర్చుంటే తూర్పు గుమ్మంలోంచి వచ్చే వెలుతురు పక్కనుంచి పడి కండ తేలుతుంది. నాకు ఇష్టమైన పలకలో ఇద్దరు మద్దెలవాళ్ళ నడుమ ఒకడున్నాడు. ఎడమ మోకాలు వంగింది. కుడికాలు లేచి పక్కకు తిరిగింది. నడుం ఒకవైపు, ముఖం ఇంకోవైపు. మద్దెల వాయించే వాడి వేళ్ళు చర్మం మీద పడబోతున్నాయో, పడి లేస్తున్నాయో చెప్పలేం. ఆడేవాడి సంగతీ అంతే. ఈ లేచిన కాలు ఎక్కణ్ణుంచి వచ్చింది? ఏ వైపు దిగుతుంది? మడమ ముందు తాకుతుందా, వేళ్ళు ముందు తాకుతాయా? రాయి అది చెప్పదు. నాట్యశాస్త్రంలో కరణమంటే నిలబడే భంగిమ కాదు, చేతులూ కాళ్ళూ కలిసి కదిలే కదలిక. శిల్పి అందులోంచి ఒక్క క్షణాన్ని పట్టుకున్నాడు. అది మొదటిదా, నడిమిదా, చివరిదా అన్నది ఆడేవాళ్ళు తేల్చుకోవాలి. చిదంబరం గోపురాల మీది కరణాలతో పద్మా సుబ్రహ్మణ్యంగారు ఏళ్ళ తరబడి కుస్తీ పట్టింది సరిగ్గా ఈ ప్రశ్నతోనే.

రాయి చెప్పనిది పుస్తకం చెబుతుందేమోనని రామకృష్ణగారు జాయపసేనాని దగ్గరకు వెళ్ళారు. జాయప గణపతిదేవుడి గజసాహిణి, అంటే ఏనుగుల దళపతి. అతనిది దివిసీమ. గణపతిదేవుడు దివిని గెలిచి, జాయప అక్కచెల్లెళ్ళు నారమాంబ, పేరమాంబలను పెళ్ళాడి, ఈ కుర్రవాణ్ణి తన కొలువులోకి తెచ్చుకున్నాడు, గుండామాత్యుడి దగ్గర నాట్యం చెప్పించాడు. ఓడిపోయిన సీమ నుంచి వచ్చినవాడు గెలిచిన రాజు కొలువులో కూర్చుని సంస్కృతంలో నృత్తరత్నావళి రాశాడు. ఎనిమిది అధ్యాయాలు. మొదటి నాలుగు మార్గం, తరవాతి నాలుగు దేశి. ఆ రెండో సగమే మనకు బంగారం. తన కళ్ళ ముందు ఊళ్ళలో ఆడుతున్న ఆటలను అంత శ్రద్ధగా పేరు పెట్టి రాసినవాళ్ళు అరుదు. పేరణి, అంటే మన పేరిణి, ఉన్నది అందులోనే. (కూచిపూడి కూడా పాత దివి తాలూకాదే. ఇది యాదృచ్ఛికమో కాదో మీ ఇష్టం. నేను మాత్రం దాన్నుంచి ఏ సిద్ధాంతమూ లాగను.)

ఇక్కడ ఒక తేదీ చూడాలి. నృత్తరత్నావళి 1253-54 నాటిది. గుడి 1213 నాటిది. జాయప సూత్రాలు చూసి రామప్ప శిల్పులు బొమ్మలు చెక్కారని వేదికల మీద తరచు వింటుంటాం. అంటే, నలభై ఏళ్ళ తరవాత రాయబోయే పుస్తకాన్ని చూసి చెక్కారన్నమాట! శిల్పులు చూసింది మనుషులను. గుళ్ళో రోజూ ఆడేవాళ్ళను, తిరునాళ్ళలో ఆడేవాళ్ళను. జాయప చూసిందీ వాళ్ళనే. రాయీ తాళపత్రమూ ఒకదానికొకటి సాక్ష్యం చెప్పుకోవు, రెండూ మూడో సాక్షి వైపు చూపిస్తాయి. ఆ మూడో సాక్షి ఒంట్లో ప్రాణమున్న మనిషి.

మరి జాయప కాలం నాటి లక్షణగ్రంథాల్లో పేరణి ఎలాంటిది? ఒంటికి తెల్లని పూత, కాళ్ళకు గజ్జెలు. ఘర్ఘరం అని ఒక అంగముంది, అడుగు మోపే తీరును బట్టి గజ్జెల మోతను పెంచడం, తగ్గించడం, నిలపడం. ఇంతవరకూ మనం ఇవాళ చూస్తున్న పేరిణికి దగ్గరగానే ఉంది. కానీ దాని అంగాల్లో నవ్వించే వికటాభినయమూ ఉంది, పాటా ఉంది. యుద్ధానికి బయల్దేరే సైనికులు శివుణ్ణి ఆవాహన చేసుకుని ఆడే వీరనృత్యం అన్న మాట ఆ లక్షణంలో లేదు. అది రామకృష్ణగారి దర్శనం. కాకతీయుల శైవాన్ని, పాశుపత కాలాముఖ గురువుల ప్రాభవాన్ని, రామప్ప పలకల్లోని మగ నర్తకుల బిగువును, మద్దెల జతులను దగ్గర పెట్టుకుని, వాటి మధ్య ఉన్న ఖాళీని తన ఊహతో, తన శిష్యుల కాళ్ళతో నింపారు. వీరభద్రుడి సంబరాల్లో ఆవేశం పూనిన శైవుల అడుగులు కూడా నాకు అందులో వినిపిస్తాయి.

1985 మహాశివరాత్రికి రామప్ప గుడి ముంగిట ఆ పేరిణి శివతాండవం ఆడినప్పుడు జనం విరగబడి చూశారు. వాళ్ళు చూసింది పదమూడో శతాబ్దాన్ని కాదు, ఇరవయ్యో శతాబ్దంలో ఒక తెలుగు కళాకారుడు చేసిన రచనను. ఈ మాట నేను అన్నప్పుడల్లా సభలో ఎవరో ఒకరు నొచ్చుకుంటారు. ఎందుకో నాకు అర్థం కాదు. ఒక మనిషి కల్పించాడంటే చిన్నతనమా? మనకో జబ్బుంది. మంచి వస్తువు కనిపిస్తే దానికి వెయ్యేళ్ళ వయసు అంటగట్టందే నమ్మకం కుదరదు. చేసినవాడి పేరు చెరిపేసి ఆ చోట శిలాయుగం అని రాస్తాం. పేరిణికి రామకృష్ణగారే కర్త అని చెప్పడం ఆయన్ని తగ్గించడం కాదు. అమరావతి శిల్పాల్లోని నర్తకీమణులను చూసి ఆయన రాసిన చరిత్రనూ ఇలాగే చదవాలంటాను. అది పురావస్తు నివేదిక కాదు. వంశం లేని మనిషి తన వంశవృక్షం తానే గీసుకున్న కాగితం. దాన్ని తప్పొప్పులు పట్టి చూడొచ్చు, చూడాలి కూడా. కానీ గీసిన చేతిలోని ఆర్తి చూడకుండా కాదు.

ఇక అసలు సంగతికి వస్తాను.

ఆయనకు ఊహించి నింపుకోనక్కరలేని వారసత్వం ఇంకొకటి దొరికింది. అది బతికున్న ఆడవాళ్ళ ఒంట్లో ఉంది. నాయుడుపేట రాజమ్మ, పిఠాపురం పెండేల సత్యభామ వంటి కలావంతుల దగ్గర ఆయన కూర్చుని నేర్చుకున్నారు. గుడిలో స్వామి ముందు చేసే ఆరాధన నృత్యం, కొలువులో చేసే కేళిక, కుంభహారతి, పుష్పాంజలి, పదాలకు కూర్చుని పట్టే అభినయం, పిఠాపురం కుంతీమాధవుడి గుళ్ళో తొమ్మిది రాత్రులు సాగిన నవజనార్దన పారిజాతం. వీటన్నిటినీ కలిపి 1970 ప్రాంతాల్లో ‘ఆంధ్రనాట్యం’ అన్న పేరు కింద వేదిక ఎక్కించారు. కాలు ఎక్కణ్ణుంచి వచ్చి ఎక్కడ దిగుతుందన్న ప్రశ్న ఇక్కడ లేదు. అడిగితే ఆవిడ లేచి చూపిస్తుంది.

మరి ఆ ఆడవాళ్ళు అప్పటికి ఏ స్థితిలో ఉన్నారు? కందుకూరి వీరేశలింగం నాటి నుంచీ సాగిన భోగం మేళాల వ్యతిరేకోద్యమం, తరవాత ముత్తులక్ష్మీరెడ్డి పట్టుదల, చివరికి 1947 మద్రాసు చట్టం. చిన్నపిల్లలను గుడికి అర్పించి వాళ్ళ బతుకు ఇంకొకరి చేతుల్లో పెట్టే ఆచారాన్ని ఆపాలన్నవాళ్ళు న్యాయమే అడిగారు. వాళ్ళలో ఆ కులంలోనే పుట్టిన యామినీ పూర్ణతిలకం వంటివాళ్ళున్నారని మరవకూడదు. కానీ ఆ చట్టం అర్పణతో పాటు గుళ్ళో నాట్యాన్నీ నిషేధించింది. మాన్యాలతో, జీతాలతో నడిచిన వృత్తి అది. 1261 నాటి మల్కాపురం శాసనం చూడండి. రుద్రమదేవి కాలం, గోళకీ మఠం. దాని కింద గుడి, మఠం, అన్నసత్రం, ప్రసూతిశాల. వాటిలో పని చేసేవాళ్ళ పట్టీలో వంటవాళ్ళ పక్కనే, వైద్యుడి పక్కనే నర్తకులూ, మద్దెలవాళ్ళూ ఉంటారు. ఎవరికెంత భూమి అన్నది రాసి ఉంటుంది. మనం ఇవాళ ‘దైవార్పితమైన కళ’ అని గొంతు గద్గదం చేసుకుని మాట్లాడేది ఆ రోజుల్లో ఒక కొలువు. పొద్దున్నే వెళ్ళాలి, స్వామికి హారతి వేళకు ఆడాలి, రాకపోతే జీతం కోత. భక్తి అందులో లేదనను. కానీ దాని కింద రెండెకరాల నేల ఉండేది. చట్టంతో ఆ కొలువూ పోయింది, ఆ వేళా పోయింది. మిగిలింది మచ్చ ఒక్కటే.

కోనసీమలో ఒక ఊళ్ళో, ఊరి పేరు చెప్పను, ఒక పెద్దావిడ అభినయం చూసే అదృష్టం నాకు కలిగింది. పెంకుటిల్లు, వసారాలో కొబ్బరికాయల కుప్ప. ఒక తెలిసినాయన తీసుకెళితే వెళ్ళాను. ‘ఎప్పుడో మానేశాం బాబూ, ఇప్పుడెందుకు’ అని చాలాసేపు ఒప్పుకోలేదు. కాఫీలయ్యాక తనే లేచి వీధి తలుపు గడియ పెట్టి వచ్చి, చాప మీద కూర్చుని, క్షేత్రయ్య పదం ఒకటి అందుకున్నారు. వాయిద్యం లేదు. తొడ మీద తాళం. పల్లవిలో నాయకుణ్ణి పిలిచే ఒక్క మాటను మళ్ళీ మళ్ళీ పాడారు. పాడినప్పుడల్లా పిలుపు మారింది. ఒకసారి చనువు, ఒకసారి ఎత్తిపొడుపు, ఒకసారి వచ్చినవాణ్ణి చూడనట్టు పమిట సర్దుకోవడం. చెయ్యి చాప దాటి ముందుకు రాలేదు. కనుబొమ్మ లేచింది, దిగింది, అంతే. ఒకచోట ఆయన వచ్చి కూర్చున్నట్టు కాస్త పక్కకు జరిగారు. నేను నిజంగానే ఆ ఖాళీ అయిన చోటు వైపు చూశాను. నడుమ వీధిలోంచి ఎవరో పిలిచారు. ఆవిడ ముఖంలోంచి నాయిక ఒక్క క్షణంలో వెళ్ళిపోయింది, ‘ఆఁ, వస్తున్నా’ అన్న గృహిణి మిగిలింది. తిరిగి మొదలుపెట్టలేదు.

మేం బయల్దేరేటప్పుడు ఆవిడ కూతురు లోపలినుంచి వచ్చి, ‘అమ్మ పేరు ఎక్కడా రాయకండి, పిల్లల సంబంధాలు చూస్తున్నాం’ అన్నారు. రాయనని మాటిచ్చాను.

రామకృష్ణగారి అన్వేషణలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఇదే. ఆయనకు పూర్వీకులు లేరు కనక ఎంచుకునే వీలుంది. నల్లరాతి నర్తకుణ్ణి తాత అనుకోవచ్చు, జాయపను గురువనుకోవచ్చు, పిఠాపురం సత్యభామను అమ్మ అనుకోవచ్చు. వాళ్ళందరి గౌరవమే ఆయనకు దక్కింది. అందులో ఉన్న అవమానం ఆయన ఇంటి గుమ్మం తొక్కలేదు. ఆ కూతురికి ఎంచుకునే వీలు లేదు. పుట్టుకతో వచ్చిన పూర్వీకురాలు చాప మీద కూర్చుని ఉంది. తలుపు గడియ వేస్తే తప్ప ఆవిడతో మాట్లాడలేదు. ఒకే విద్య ఒకరికి ఆత్మ సాధన, ఇంకొకరికి పెళ్ళిచూపుల్లో దాచుకోవలసిన రహస్యం. ఈ తేడాను చెప్పకుండా మనం వారసత్వం, సంప్రదాయం, పునరుద్ధరణ అని మాట్లాడుతూ పోతే అది అన్యాయమని నా ఉద్దేశం. కలావంతుల ఇళ్ళ పిల్లలు చాలామంది సూర్యబలిజలుగా, ఉద్యోగస్తులుగా కొత్త జీవితాలు కట్టుకున్నారు. ‘మీ అమ్మమ్మ గొప్ప కళాకారిణి, గర్వపడండి’ అని వేదిక మీంచి వాళ్ళకు హితవు చెప్పడం సులభం. గర్వపడాలో వద్దో వాళ్ళే తేల్చుకోవాలి.

రామకృష్ణగారు ఈ తేడాను ఎరగనివారు కాదు. సమాజం వెలివేస్తున్న రోజుల్లోనే వాళ్ళ గుమ్మాలకు వెళ్ళి, వాళ్ళ కాళ్ళకు మొక్కి నేర్చుకున్నారు. వాళ్ళను పిలిచి వేదిక మీద కూర్చోబెట్టారు. ఆ రోజుల్లో మగవాడికి, అందులోనూ పెళ్ళికాని మగవాడికి, దానివల్ల వచ్చే మాటలేమిటో ఊహించుకోవచ్చు. అయితే ఆయన దారిలోనూ ఒక చిక్కు ఉంది. ఆడవాళ్ళ నవజనార్దనం చివరికి ఎక్కువ పేరు తెచ్చుకున్నది ఆయన శిష్యులు కళాకృష్ణగారు కట్టిన సత్యభామ వేషంలో. ఆయన అభినయానికి నేను అభిమానిని, ఆ జడ పట్టుకునే తీరు చూసి తీరాలి. కానీ ఆడవాళ్ళ ఒంట్లోంచి బయల్దేరిన సంపద మగవాడి ఒంట్లో భద్రపడితే తప్ప సభలు చప్పట్లు కొట్టలేకపోయాయన్నది కళాకృష్ణగారి తప్పు కాదు, సభల తప్పు. ఆ సంపదకు ‘విలాసినీ నాట్యం’ అని ఆరుద్ర ఇంకో పేరు పెట్టారు, ఆ పేరుతో స్వప్నసుందరిగారు ఆడారు. పేర్ల మీద జరిగిన తగువులోకి నేను పోను. ఏ పేరు పెట్టినా, పెట్టింది బయటివాళ్ళే. ఆడినవాళ్ళు దాన్ని మేళం అన్నారు, కేళిక అన్నారు, ‘మా పని’ అన్నారు.

నిర్వాహకులకు ఒక విన్నపం. ఈ సాయంత్రం నా తరవాత పేరిణి ఉంది, ఆ తరవాత ఆంధ్రనాట్యం ఉంది. మీ కరపత్రంలో పేరిణి పక్కన ‘ఎనిమిది వందల ఏళ్ళ నాటి’ అని అచ్చువేశారు, ఆంధ్రనాట్యం పక్కన ఏమీ వేయలేదు. వచ్చే ఏడు పేరిణి పక్కన రామకృష్ణగారి పేరు వేయండి, ‘రూపకల్పన’ అని. ఆంధ్రనాట్యం పక్కన నాయుడుపేట రాజమ్మ, పెండేల సత్యభామ అని వేయండి. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళు సభలో ఉన్నారు. ఏ అంశం ఎవరి దగ్గర తీసుకున్నదో వాళ్ళు చెప్పగలరు, వాళ్ళు ఉండగానే అడిగి రాసుకోండి. ఇష్టపడని కుటుంబాల పేర్లు వద్దు. ఆ చోట ఊరి పేరు కూడా వద్దు, ‘గోదావరి తీరాన ఒకరు’ అంటే చాలు. నా మాటలయ్యాయి. మద్దెలవాళ్ళు చాలాసేపటి నుంచి ఎదురు చూస్తున్నారు, వేదిక వాళ్ళకిస్తాను.